దిగి వచ్చే దారి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ధైర్యం గురించి ఒక వ్యాసమైనా ఉంటుంది. ఇక్కడ చదువుకున్న రోజుల్లో మేమూ రాశాం. "పట్టుదల ఉంటే ఎంతటి కొండనైనా ఎక్కవచ్చు" అని ఎనిమిదో తరగతిలో రాసి, ప్రార్థన సమయంలో అందరి ముందూ చదివి, చప్పట్లు కొట్టించుకున్నాం. గత ఏడాది నిజంగానే ఒక కొండ మా ముందుకు వచ్చింది. ఆ వాక్యంలో సగం సంగతే ఉందని అప్పుడు తెలిసింది. మిగతా సగం ఈసారి రాస్తున్నాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ ఓపికగా చదవాలని కోరిక.

మేమంటే నలుగురం. ఆమదాలవలస హాస్టల్లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగాం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. 23 ఏళ్ళకు అటూ ఇటూ వయసు. మా నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. మంచు అంటే మాకు తెలిసింది ధనుర్మాసంలో నాగావళి మీద కమ్మే పొగమంచే. పెద్ద కొండ అంటే మందస దాటాక కనిపించే మహేంద్రగిరి. అదీ 1,501 మీటర్లే.

గత దసరా సెలవుల్లో మాలో ఒకడి ఫోనుకు ఒక ప్రకటన వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి పైన ఫ్రెండ్‌షిప్ పీక్ అనే శిఖరం ఉంది. ఎత్తు 5,289 మీటర్లు. నడిచలికాలంలో, స్కీల మీద, ఎనిమిది రోజుల్లో ఆ శిఖరం ఎక్కిస్తాం అని ఆ ప్రకటన. మనిషికి 38,000 రూపాయలు. అనుభవం అక్కర్లేదు, ధైర్యం ఉంటే చాలు, సర్టిఫికెట్ గ్యారంటీ అని రాశారు. 'ధైర్యం ఉంటే చాలు' అన్న మాట మమ్మల్ని పట్టేసింది. మన దగ్గర డబ్బు లేకపోవచ్చు, ఇంగ్లీషు లేకపోవచ్చు, ధైర్యానికేం తక్కువ అనుకున్నాం. తలా 3,000 అడ్వాన్సు కట్టేశాం. ఒకడి తల్లి డ్వాక్రా సంఘంలో అప్పు అడగడానికి కూడా సిద్ధపడింది.

తెల్లవారుజామున లేచి ఏటి గట్టు మీద పరుగులు తీశాం. పది కిలోల ఇసుక మూట వీపున కట్టుకుని సంగమయ్య కొండ ఎక్కి దిగాం. ఒక ఆదివారం మాలో ఒకరి నాన్నగారు మమ్మల్ని చూశారు. ఆయన లారీల దగ్గర మూటలు మోసే కళాసీ. కాసేపు నవ్వి, "ఎక్కీటప్పుడు ఎవుడైనా ఎక్కుతాడు బాబూ. బల్ల మీద నుంచి దిగీటప్పుడే కాలు జారతాది. మీకు దిగడం ఎవులు నేర్పుతారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రకటనలోనూ ఆ ఊసు లేదు.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మేము చదవడం మొదలుపెట్టాం. రెండు నెలలు గ్రంథాలయంలోనూ, ఫోనులోనూ దొరికినదల్లా చదివాం. పర్వతారోహణ శిక్షణ పొందిన ఇద్దరు అన్నలతో మాట్లాడాం. మాకు అర్థమైనంత వరకు ఇక్కడ చెబుతాం. మీలో ఎవరికైనా రేపు ఇలాంటి అవకాశం వస్తే పనికొస్తుంది.

ముందు స్కీల సంగతి. ఇవి సన్నగా పొడుగ్గా ఉండే రెండు బద్దలు. వీటి మీద నిలబడితే మన బరువు పొడుగునా పరుచుకుని, మెత్తటి మంచులో కాళ్ళు దిగబడవు. ఎక్కేటప్పుడు బద్దల అడుగున ఒక పట్టీ అంటిస్తారు. పూర్వం సీల్ అనే సముద్ర జంతువు తోలు వాడేవారు. ఇప్పుడు నైలాను లేదా మేక వెంట్రుకల పట్టీలు వస్తున్నాయి. ఆ నూగు ఒకే వైపుకు వాలి ఉంటుంది కాబట్టి బద్ద ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. పొలంలో నడిస్తే బట్టల్లో దూరిన గడ్డిముల్లు ముందుకే పోతుంది కదా, అలాగన్నమాట. పైకి చేరాక పట్టీలు తీసేసి, మడమలు బిగించి, జారుతూ దిగాలి. ఎక్కడం నాలుగు రోజుల్లో వంటబడుతుందేమో గాని, వీపున బరువుతో, ఎగుడుదిగుడు మంచులో, అలసిన కాళ్ళతో జారుతూ దిగి, కావాలనుకున్న చోట ఆగడం అలా వచ్చేది కాదు. ముందుగా వారాల తరబడి చిన్న వాలుల మీద నేర్చుకోవాలి. కళాసీ నాన్న అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే.

రెండోది కాలం. అదే శిఖరాన్ని ఎక్కువమంది మే, జూన్ నెలల్లో, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కుతారు. స్కీల మీద వెళ్ళాలనుకునేవారికి కూడా మార్చి, ఏప్రిల్ నెలలు కొంత నయం. అప్పటికి మంచు పొరలు ఎండకు కరిగి, రాత్రికి గడ్డకట్టి, ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. పగలూ పెరుగుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు కొత్త మంచును కుమ్మరిస్తూనే ఉంటాయి. కింది పొర గుల్లగా ఉండగా పైన బరువైన పొర పడితే, ఒక మనిషి అడుగు చాలు అంతా కదలడానికి. కాబట్టి చలికాలపు పథకంలో మొదటి ప్రశ్న 'ఎలా వెళ్ళాలి' అని ఉండకూడదు. 'ఇప్పుడే ఎందుకు వెళ్ళాలి' అని ఉండాలి. మాకు ఇచ్చిన తేదీలు జనవరి రెండో వారానివి. ఎందుకని అడిగితే, "అప్పుడే ఫొటోలు బాగుంటాయి" అన్నారు.

మూడోది వాలు. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. అంతకు తక్కువైతే మంచు అంత సులువుగా జారదు. మరీ నిటారుగా ఉంటే ఎక్కువ మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. కళ్ళంలో ధాన్యం రాశి పోసేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. కొంత దాకా రాశి నిలుస్తుంది, ఇంకో చేట పోయగానే పక్క జారిపోతుంది. స్కీలతో జారడానికి సరదాగా ఉండేది కూడా సరిగ్గా ఆ వాలే. అదే చిక్కు. జాగ్రత్త గలవాళ్ళు బయలుదేరే ముందే పటం మీద ఆ వాలులకు గుర్తు పెట్టుకుంటారు. వాటి కింద గుడారం వేయరు. దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటుతారు, మిగతావాళ్ళు భద్రమైన చోట నిలబడి కళ్ళార్పకుండా చూస్తుంటారు. పెద్ద మంచు పడిన తర్వాత, గట్టి గాలి వీచిన తర్వాత ఆ వాలుల జోలికే పోకుండా రోజులు వదిలేస్తారు. ఎనిమిది రోజుల ప్యాకేజీలో అలా వదులుకోవడానికి ఒక్క రోజు కూడా లేదు.

నాలుగోది గాలి. 5,500 మీటర్ల ఎత్తున మనకు అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో సగమే. మనం పుట్టి పెరిగింది సముద్రానికి చేరువలో. ఒంటిని అలవాటు చేసుకుంటూ వెళ్ళాలి. 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటి కంటే 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదని, మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు. తలనొప్పి, వాంతులు వస్తే ఇంకా పైకి పోకూడదు. తగ్గకపోతే దిగిపోవాలి. తూలుతూ నడిచినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా క్షణం ఆగకుండా కిందికి దించాలి. దీనికి మొండితనం మందు కాదు. బాగా పరుగెత్తే కుర్రవాడికి కూడా రావచ్చు. 'నాకేం కాలేదు' అని చెప్పుకునే అలవాటు మన హాస్టల్ పిల్లలకు కాస్త ఎక్కువే. జ్వరంతో పరీక్ష రాసిన వాళ్ళం కదా. కొండ మీద ఆ అలవాటే ప్రాణం తీయవచ్చు.

ఐదోది సాటివాళ్ళు. మంచు కింద కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే, పదిమందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరు బతకడం కష్టం. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. పక్కనున్నవాడే తీయాలి. అందుకని ప్రతి ఒక్కరి ఒంటి మీద మూడు వస్తువులు ఉండాలి. ఒకటి బీకన్. ఇది రేడియో సంకేతం పంపే చిన్న పెట్టె. కూరుకున్నవాడి సంకేతాన్ని మిగతావారి పెట్టెలు పట్టుకుంటాయి. రెండోది మంచులో గుచ్చి వెతికే మడత కడ్డీ. మూడోది పార. వస్తువు ఉంటే చాలదు, కళ్ళు మూసుకుని వాడగలిగేంత సాధన ఉండాలి. మేము ఫోను చేసి "మా నలుగురికీ నాలుగు బీకన్లు ఇస్తారా?" అని అడిగాం. "గైడు దగ్గర ఒకటి ఉంటుంది" అన్నారు. ఒక్క బీకన్ ఎవరిని వెతుకుతుందో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆరోది వెనుదిరిగే గంట. ఎంత దగ్గరికి వెళ్ళినా, ఫలానా గంటకల్లా శిఖరం చేరకపోతే వెనక్కి తిరగాలని ముందు రాత్రే నిర్ణయించుకోవాలి. పైన ఆలోచన మందగిస్తుంది కాబట్టి ఆ నిర్ణయం కిందే జరగాలి. జట్టులో అందరి కంటే చిన్నవాడు, కొత్తవాడు 'వద్దు' అన్నా ఆ మాట చెల్లాలి. ఈ సంగతి అడిగితే అవతలి గొంతు చిరాకు పడింది. "ఇంత భయపడేవాళ్ళకు కొండలెందుకు?" అని ఫోను పెట్టేసింది.

మిత్రులారా, ఆ ప్రశ్నకు ఈ వ్యాసం ద్వారా జవాబు చెప్పాలని ఉంది. భయపడేవాళ్ళకు కొండలెందుకు అని అడిగేవాళ్ళకు మన చరిత్ర తెలియదు.

2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయిల్లో అంత చిన్నవయసు వారు అంతకు ముందు లేరు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. ఆ వార్త విన్నప్పుడు మేము చిన్న తరగతుల్లో ఉన్నాం. హాస్టలంతా గంతులేసింది. 'చూశారా మన ధైర్యం' అని అందరూ అన్నారు. ఆ ధైర్యం వెనక ఏముందో అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

ఏముందో చూడండి. గురుకులాల సొసైటీ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారి చొరవతో పిల్లల ఎంపిక మొదలైంది. భువనగిరి కొండ మీద శేఖర్ బాబు గారు శిక్షణ ఇచ్చారు. అక్కడ ఎంతోమంది నేర్చుకున్నారు. వాళ్ళలో కొందరు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళారు. వాళ్ళలో మళ్ళీ కొందరు లడఖ్ చలిలో శిక్షణ పొందారు. చివరికి ఇద్దరు మిగిలారు. నెలల తరబడి వడపోత. డబ్బు ప్రభుత్వం పెట్టింది. వయసు 16 నిండనివారిని నేపాల్ వైపు నుంచి అనుమతించరు కాబట్టి టిబెట్ వైపు దారి ఎంచుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుపాతంలో చరియ విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. ఆ వార్త తెలిసీ ఈ పిల్లలు ముందుకు వెళ్ళారు. పూర్ణ ధైర్యం మాకు తెలుసు, ఆ ధైర్యానికి మొక్కుతాం. అయితే ఆ ధైర్యానికి ఒక గురువు, ఒక సంస్థ, ఒక ఖజానా, ఒక పథకం తోడుగా నిలిచాయి. 2022లో ఆమె ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసిందంటే ఒక్క రోజు ఆవేశంతో కాదు. ప్రతిసారీ దిగి వచ్చింది కాబట్టే మరో శిఖరానికి వెళ్ళగలిగింది.

మన పక్కనే ఉన్న కథ ఇంకొకటి. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు గారు 1985లో భారత సైన్యం ఎవరెస్ట్ యాత్రలో పాల్గొన్నారు. ఆ యాత్రలో ఐదుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. భాస్కరరావు గారు వారిలో ఒకరు. ఆయన స్ఫూర్తితోనే అదే పాఠశాలలో చదివిన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు గారు కొండల వైపు నడిచారు. 2006లో జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ మాసిఫ్‌తో మొదలుపెట్టి జూలై 10న అలాస్కాలోని డెనాలితో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కారు. ఆయన కూడా 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఉండగా జాడ తెలియకుండా పోయారు. ఏప్రిల్‌లో ఆయన భౌతికకాయం దొరికింది. వీళ్ళిద్దరినీ తప్పు పట్టడానికి మేమెవరం? వాళ్ళ కాలి గోటికి సరిపోం. చెప్పదలచుకున్నది ఒక్కటే. అంతటి శిక్షణ, అంతటి అనుభవం ఉన్నవాళ్ళను కూడా కొండ మినహాయించలేదు.

2010 ఫిబ్రవరి 8న కాశ్మీరులో గుల్‌మార్గ్ పైన ఖిలన్‌మార్గ్ వద్ద, మంచు యుద్ధ శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు మంచు చరియల కింద చనిపోయారు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా శిఖరం మీద, ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం 29 మందిని పోగొట్టుకుంది. వారిలో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉన్నారు. ఆమె అదే ఏడాది మే నెలలో పదహారు రోజుల్లో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన మనిషి. అలాంటి చోటికి 'అనుభవం అక్కర్లేదు' అని పిల్లల్ని పిలవడం మహా పాపమని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా అయినా చెప్పుకోవాలి. పేదింటి పిల్లల ధైర్యాన్ని మెచ్చుకోవడం అందరికీ తేలిక. మెచ్చుకోవడానికి ఖర్చు లేదు. బీకన్‌కు ఖర్చుంది, బీమాకు ఖర్చుంది, వాతావరణం బాగాలేక గుడారంలో కూర్చున్న మూడు రోజులకు ఖర్చుంది. ఆ ఖర్చు తప్పించుకోవాలనుకునేవాళ్ళే 'ధైర్యం ఉంటే చాలు' అంటారు. డబ్బున్న ఇంటి అబ్బాయి వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్న బీమా కాగితం అడుగుతాడు. మన నాన్నలు అడగరు. అడగవచ్చని వాళ్ళకు తెలియదు. మొదటితరం చదువుకున్నవాళ్ళం మనం, కనీసం ఆ కాగితం అడగడం మన బాధ్యత కాదా? మన ఇంట్లో ఒక చదువుకున్న బిడ్డ పోతే ఒక మనిషి పోవడంతో ఆగదు. డ్వాక్రా అప్పు మిగులుతుంది, వెనకున్న చెల్లెలి చదువు ఆగుతుంది.

అడిగేటప్పుడు మన కోసమే అడగకూడదు. మన సామాను మోసే కూలీకి, మన కంటే ముందు వెళ్ళి తాడు కట్టే మనిషికి బీమా ఉందా అని కూడా అడగాలి. 2014 ఏప్రిల్‌లో పోయిన 16 మందీ మోసేవాళ్ళే, దారి వేసేవాళ్ళే. మూటలు మోసే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనమే ఈ ప్రశ్న మరిచిపోతే ఇంకెవరు అడుగుతారు? 2021 జనవరి 16న చలికాలంలో మొట్టమొదటిసారి కె2 శిఖరం ఎక్కింది పదిమంది నేపాలీలు. ఇన్నాళ్ళూ పరుల శిఖరాలకు బరువులు మోసిన జాతి వాళ్ళు. శిఖరానికి కొద్ది దూరంలో ఒకరి కోసం ఒకరు ఆగి, అందరూ కలిసి పైన అడుగు పెట్టారు. 'మొదటివాడు' అన్న పేరు ఎవరికీ ప్రత్యేకంగా దక్కలేదు. హాస్టల్లో ఒకే పళ్ళెంలో తిన్న మనకు ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

జాగ్రత్త పడితే పిరికితనం అనుకునేవాళ్ళకు మన తీరమే జవాబు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ హెచ్చరిక విని పడవ ఒడ్డుకు లాగి కట్టిన గంగపుత్రుడిని ఎవరైనా పిరికివాడన్నారా? సముద్రం ఎక్కడికీ పోదు, రేపు మళ్ళీ వెళ్ళవచ్చని అతనికి తెలుసు. కొండా అంతే.

డిసెంబరు మొదటి వారంలో మేము నలుగురం మన హాస్టల్ మెట్ల మీద కూర్చుని నిర్ణయం తీసుకున్నాం. ఈసారి వెళ్ళడం లేదు. కట్టిన 12,000 తిరిగి రాలేదు. ఆ డబ్బులో ట్యూషన్లు చెప్పి కూడబెట్టిందీ ఉంది. అడిగితే 'మీరే మానుకున్నారు కదా' అన్నారు. స్నేహితులు కొందరు నవ్వారు. మాలో ఒకడు వారం పాటు మాతో సరిగ్గా మాట్లాడలేదు. వాడికి వెళ్ళాలని ఉంది. ఆ బాధ నిజమైనదే, దాన్ని తక్కువ చేయం. కాని డ్వాక్రా అప్పు తీసుకోనక్కర్లేదని తెలిసిన రోజున ఆ తల్లి ఏమీ అనకుండా మా నలుగురికీ అన్నం పెట్టింది.

కొండను వదులుకోలేదు. దారి మార్చుకున్నాం. మా పథకం ఇప్పుడు ఎనిమిది రోజులది కాదు, మూడేళ్ళది. మొదట మనాలి, ఉత్తరకాశీ, డార్జిలింగ్ వంటి ప్రభుత్వ సంస్థల్లో ఒకదానిలో నాలుగు వారాల ప్రాథమిక పర్వతారోహణ శిక్షణ. దరఖాస్తులు పెడుతున్నాం. ఆ తర్వాతి చలికాలం స్కీ శిక్షణ, చిన్న వాలుల మీదే. ఆ మీదట చలికాలం వెనకబడ్డాక, మార్చి, ఏప్రిల్ నెలల్లో, తెలిసిన గురువు వెంట, చేతిలో ఖాళీ రోజులు ఉంచుకుని ఫ్రెండ్‌షిప్ పీక్ ప్రయత్నం. పేరు కూడా స్నేహమే కదా, నలుగురం కలిసే వెళ్తాం. వాతావరణం కుదరకపోతే నలుగురం కలిసే తిరిగి వస్తాం. అప్పటికి సరైన అనుభవం వస్తే నడిచలికాలం సంగతి ఆలోచిస్తాం.

చివరిగా పెద్దలకు, సంక్షేమ శాఖ వారికి మా విన్నపాలు కొన్ని.

ఒకటి. మన హాస్టళ్ళ నుంచి ఎవరు సాహస యాత్రకు వెళ్ళినా, శిక్షణ వివరాలు, పరికరాల జాబితా, బీమా, వెనుదిరిగే నియమం, బాధ్యుల పేరు రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితం తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించాలి. సంతకం పెట్టించుకునే ముందు వినిపించాలి, తర్వాత కాదు.

రెండు. ఆసక్తి ఉన్న విద్యార్థులను ఏటా కొద్దిమందినైనా ప్రభుత్వ పర్వతారోహణ సంస్థల ప్రాథమిక శిక్షణకు శాఖ ఖర్చుతో పంపాలి. ఎవరెస్ట్ దాకా పంపిన వ్యవస్థకు ఇది పెద్ద భారం కాదు.

మూడు. ప్రథమ చికిత్స, పటం చదవడం, ఈత ఈ మూడూ హాస్టల్లో ఆదివారాలు నేర్పాలి. హిమాలయాల దాకా ఎందుకు, మన నాగావళి రేవుల్లోనే ప్రతి ఏడూ పిల్లలు మునిగిపోతున్నారు.

నాలుగు. ఇది అన్నిటి కంటే ముఖ్యమైనది. శిఖరం చేరినవాడికి మనం వార్షికోత్సవ వేదిక మీద శాలువా కప్పుతాం. శిఖరానికి వంద మీటర్ల దూరంలో వాతావరణం చూసి, తోటివాడి తలనొప్పి చూసి వెనక్కి తిరిగి వచ్చినవాడికి కూడా అదే వేదిక మీద అదే శాలువా కప్పాలి. ఆ శాలువా దక్కుతుందని తెలిసిన పిల్లవాడే కొండ మీద 'ఇక చాలు, దిగుదాం' అని ధైర్యంగా అనగలడు. ఓడిపోయాడంటారేమోనన్న భయం, కొండ భయం కంటే పెద్దది. ఆ భయాన్ని తీసేయగలిగేది చప్పట్లు కొట్టే మనమే.

ఎనిమిదో తరగతిలో రాసిన వాక్యాన్ని ఇప్పుడు మేమిలా దిద్దుకుంటున్నాం. పట్టుదల ఉంటే ఎంతటి కొండనైనా ఎక్కవచ్చు. అయితే దిగి వచ్చే దారి ముందుగా అడిగి తెలుసుకుని, ఆ తర్వాత మొదటి అడుగు వేయాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ముందుకు కొండ వస్తే తప్పకుండా వెళ్ళండి. వెళ్ళే ముందు ప్రశ్నలు అడగండి. ప్రశ్నకు చిరాకు పడేవాడి వెంట మాత్రం వెళ్ళకండి. తిరిగి వచ్చి, ఈ సంచికకే మీ వ్యాసం రాయండి. చదవడానికి మేము ఎదురుచూస్తుంటాం.